మా ఆయన కుర్చీల లెక్క

ఆ ఎండాకాలం మొదట్లో మా ఆయన ఒక సిద్ధాంతం కనిపెట్టాడు. లోకం ఎటు పోతోందో తెలుసుకోవాలంటే పేపరు చదవక్కర్లేదట, టీవీ చూడక్కర్లేదట, కుర్చీలు చూస్తే చాలట. "పేపరువాడు అబద్ధం చెప్తాడు, ఆఫీసువాడు అబద్ధం చెప్తాడు. కుర్చీ చెప్పదు" అనేవాడు, ఏదో ఒక కుర్చీని తలకిందులుగా పెట్టి దాని చక్రం పీకుతూ. నేను కుట్టు మిషను మీద నుంచి తలెత్తకుండానే, "ఎలా చెప్తుంది, నోరు లేదుగా" అనేదాన్ని.

మాది కుర్చీలు బాగుచేసే కొట్టు. రోడ్డుకి అవతల అన్నీ అద్దాల మేడలు, అన్నిట్లోనూ కంప్యూటరు కంపెనీలు. అక్కడ కూర్చునేవాళ్ళ బరువూ విసుగూ నడుం నొప్పీ అన్నీ చివరికి మా గుమ్మంలోకే వచ్చేవి. చక్రాలూ, సీటుని పైకీ కిందికీ జరిపే హైడ్రాలిక్కులూ మా ఆయన పని. స్పాంజి సర్ది, రెక్సిను కత్తిరించి కొత్త తొడుగులు కుట్టడం నా పని. పాత తొడుగులకున్న పిన్నులు పీకడం మా అత్తయ్య పని. ఆవిడకి పళ్ళు ఊడాయి గానీ పట్టకారు మీద పట్టు ఊడలేదు. సీటు అడుగున ఏది దొరికితే దాన్నిబట్టి ఆ కుర్చీ మనిషి జాతకం చెప్పేసేది. "ఇదిగో, వీడు బబుల్‌గమ్ము నమిలి కింద అంటించే రకం. ఈ పిల్లకి జుట్టు రాలుతోంది, పాపం" అని మురికి సీటు పట్టుకుని గంటసేపు సానుభూతి చూపించేది.

మా మరిది ఆ మేడల్లోనే ఒకదాంట్లో ఉద్యోగం చేసేవాడు. మా ఆయన కంటే బాగా చిన్నవాడు. పేరుకి నేను వదిననే గానీ వాణ్ణి సగం పెంచింది నేనే. మెళ్ళో పట్టీ వేసుకుని, దానికి కార్డు వేలాడదీసుకుని పనికి పోయిన మొదటి మనిషి మా ఇంట్లో వాడే. చేరిన కొత్తలో నడుం లాగేస్తోందంటే, మిగిలిన ఆకుపచ్చ రెక్సిను ముక్కతో చిన్న దిండు కుట్టి, కుర్చీకి కట్టుకోవడానికి నాడాలు పెట్టి ఇచ్చాను. "ఆఫీసంతా నా కుర్చీ వంకే చూస్తున్నారు వదినా" అని వాడు తెగ మురిసిపోయాడు.

అంతా బాగానే ఉండేది, కొట్టు మాది కాదన్న ఒక్క సంగతి తప్ప. ఎండలు ముదురుతుండగా ఒకరోజు ఓనరు వచ్చి, ఇంకా బాగుచేయని కుర్చీలో కూర్చున్నాడు. అది ఓ పక్కకి ఒరిగిపోతుంటే తనూ ఒరుగుతూనే సంగతి చెప్పాడు.

"కొట్టు అమ్మేస్తున్నానమ్మా. ఇన్నాళ్ళు నమ్మకంగా ఉన్నారు గనక ముందు మీకే చెప్తున్నా. వానలు పడేలోపు డబ్బు కట్టారా, మీది. లేదా, మందుల షాపువాడు కాచుక్కూచున్నాడు."

మేం ఎక్కడో సందులోకి పోతే అంత దూరం కుర్చీలు మోసుకొచ్చేవాడెవడు? ఆ కొట్టు పోతే మా నోటి దగ్గర కూడు పోయినట్టే. అదృష్టం బాగుండి, ఏళ్ళ తరబడి బ్యాంకులో దాచుకున్న డబ్బు కొట్టు ధరకి దాదాపు సరిపోతుంది. కాస్త తగ్గుతుంది, అంతే. ఆ కాస్త ఎక్కణ్ణుంచి తేవాలా అని మా ఆయన ఆలోచించడం మొదలుపెట్టాడు. ఆయన ఆలోచిస్తే నాకు భయం.

*

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నాల దగ్గర మా మరిది మాటల్లో చెప్పాడు, జీతంలో కొంత నెలనెలా ఒక ఇండెక్స్ ఫండులో వేస్తున్నానని.

"అదేం ఫండురా చిన్నోడా?" అంది అత్తయ్య.

"టెక్నాలజీ కంపెనీలన్నీ కలిపి ఒక బుట్ట అనుకో అమ్మా. మనం వేసిన డబ్బు అన్నిట్లోకీ కొంచెం కొంచెం సర్దుకుంటుంది. ఏ కంపెనీ పెరుగుతుందో ఊహించి చెప్పడానికి అక్కడ పెద్ద తలకాయలెవరూ కూర్చోరు. వాళ్ళకి జీతాలు ఇవ్వక్కర్లేదు కాబట్టి ఖర్చు బాగా తక్కువ. బుట్ట పెరిగితే మన డబ్బు పెరుగుతుంది, తరిగితే మనదీ తరుగుతుంది."

"అన్నీ కంప్యూటరు కంపెనీలేనా? వేరేవి లేవూ?"

"అన్నీ అవే."

"అంటే ఒకే ఇంట్లో పిల్లలన్నమాట. ఒకడికి జలుబు చేస్తే అందరికీ అంటుకుంటుంది."

మరిది ముద్ద చేత్తో పట్టుకునే పకపకా నవ్వాడు. "నాకు అర్థం కావడానికి నెల పట్టిందే అమ్మా! అందుకే కొంచెమే వెయ్యాలి. ఐదారేళ్ళ దాకా ముట్టుకోనక్కర్లేని డబ్బే వెయ్యాలి. రేపు అవసరమయ్యేది ఇందులో పెట్టకూడదు."

మా ఆయన ఇదంతా విన్నాడు. విన్నాడనే మేం అనుకున్నాం. ఆయనది తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. ఆయన చెవికి ఎక్కింది 'పెరుగుతుంది' అన్న ముక్క ఒక్కటే.

"పెరక్క ఏం చేస్తుందిరా? కుర్చీలు చూడు! ఇన్నేళ్ళలో ఇన్ని కుర్చీలు ఎప్పుడైనా వచ్చాయా మనకి? రేపటికల్లా కావాలంటున్నాడొకడు, సాయంత్రానికల్లా కావాలంటున్నాడొకడు. ఇంత ఆత్రంగా కుర్చీలు అడుగుతున్నారంటే ఏంటర్థం? మనుషుల్ని తెగ తీసుకుంటున్నారన్నమాట!"

ఆ మాట నిజమే. ఆ నెల కొట్టులో చోటు చాలక కుర్చీలు బయట కాలిబాట మీద కూడా పేర్చాం. నడిచేవాళ్ళు తిట్టుకుంటూ పోయేవాళ్ళు. అంత పని చూసి నాకూ ఆయన లెక్క సబబుగానే తోచింది. మరిది వాళ్ళ అన్నయ్య ఫోనులో యాప్ పెట్టి, నెలకి చిన్న మొత్తం పోయేలా ఏర్పాటు చేసి, ఎలా చూసుకోవాలో చూపించాడు.

"రోజూ చూడకు అన్నయ్యా. చూస్తే పిచ్చెక్కుతుంది."

రోజూ ఏం ఖర్మ, గంటకోసారి చూసేవాడు.

*

ఎండలు మండిపోతున్న రోజుల్లో ఓనరు మళ్ళీ వచ్చాడు. ఈసారి నిలబడే మాట్లాడాడు. ముందు సగం డబ్బు ఇచ్చేస్తే కాగితాలు రాసుకుందాం అన్నాడు. మా ఆయన నీళ్ళు నమిలాడు. "వచ్చే వారం" అన్నాడు. ఓనరు చెమట తుడుచుకుంటూ వెళ్ళిపోయాక నాకు ఒళ్ళు మండింది.

"బ్యాంకులో ఉన్న డబ్బేగా, వచ్చే వారం దాకా ఎందుకండీ? మందులవాడు ఎక్కువ ఇస్తానంటే ఈయన మాట మీద ఉంటాడా?"

ఆయన ఒక చక్రం బిగించాడు. మళ్ళీ అదే చక్రం ఊడదీశాడు.

"బ్యాంకులో లేవు."

"మరెక్కడున్నాయి?"

"ఫండులో."

"ఎన్ని?"

"అన్నీ."

నా చేతిలో కత్తెర ఆగిపోయింది. అత్తయ్య పట్టకారు కింద పెట్టేసింది. పనిలో ఉండగా ఆవిడ పట్టకారు కింద పెట్టడం మామయ్య పోయారని కబురొచ్చిన రోజు చూశాను, మళ్ళీ ఆ రోజే చూశాను.

"పోనీ, ఉన్నాయిగా. తీసిచ్చెయ్యండి" అన్నాను.

"ఇప్పుడు కాదే. కొంచెం దిగింది. ఎక్కాక తీద్దాం."

"కొంచెం అంటే?"

ఫోను నా చేతికిచ్చి మొహం అటు తిప్పుకున్నాడు. ఎర్రటి అంకెలు. మాకు ఉన్నదాంట్లో ఐదో వంతు లేదు. ఎవడూ దొంగిలించలేదు, ఎక్కడా పారేసుకోలేదు, ఉన్నచోటే ఉండి మాయమైపోయింది. ఏళ్ళ తరబడి నేను మిషను తొక్కిన తొక్కుడు ఎండల్లో ఏ రోజు, ఏ గంటలో ఆవిరైపోయిందో కూడా నాకు తెలియదు. చక్రాల్లేని కుర్చీ ఒకటి దగ్గర్లో ఉంటే దాంట్లో కూలబడ్డాను.

సాయంత్రం మరిది వచ్చాక చెప్తే వాడు మొదట నమ్మలేదు.

"మొత్తమా? అన్నయ్యా, మొత్తమా?"

"నువ్వేగా పెరుగుతుందన్నావు!"

"ఐదారేళ్ళకి అన్నాను! నీకు కావలసింది వానల్లోపు!"

"కుర్చీలు అన్ని వస్తుంటే..."

"కుర్చీలేంటి అన్నయ్యా!" అని వాడు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. కాసేపటికి నా వైపు తిరిగాడు. "వదినా, ఇప్పుడు తీస్తే కొట్టుకి చాలదు. ఉంచితే ఎక్కొచ్చు, ఇంకా దిగొచ్చు. నేను దేనికీ హామీ ఇవ్వలేను. నాదే తప్పు, ఆ యాప్ పెట్టకుండా ఉండాల్సింది."

"నీ తప్పేం లేదు, నోర్మూసుకో" అంది అత్తయ్య. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. తొక్కేశాం. ఇప్పుడు తీసినా కొట్టు ఎలాగూ రాదు. ఓనరు కాళ్ళో వేళ్ళో పట్టుకుని వాన పడేదాకా గడువు అడుగు పెద్దోడా. అప్పటికీ ఎక్కకపోతే ఉన్నది తీసుకుని సందులోకి పోదాం."

*

వాన పడేదాకా చూస్తాను, ఆ పైన ఒక్క రోజు కూడా ఆగనన్నాడు ఓనరు. ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో మాకే తెలుసు. అన్నం తింటున్నా ఫోనే, తాళం వేస్తున్నా ఫోనే. పొద్దున కొంచెం ఎక్కితే మా ఆయన మొహం వెలిగేది, మధ్యాహ్నానికి దిగితే నీరుగారిపోయేవాడు. ఆయన మొహం చూస్తే చాలు, నాకు ఫోను చూడక్కర్లేకపోయింది. దానికి తోడు కుర్చీలు రావడం ఉన్నట్టుండి తగ్గిపోయింది. వారం మొత్తానికి విరిగిన హ్యాండిలు ఒకటి వచ్చింది. మందుల షాపువాడు మనుషుల్ని వెంటేసుకొచ్చి, మేం ఉండగానే మా గోడలకి టేపు పెట్టి కొలుచుకున్నాడు. "కొంచెం పక్కకి జరుగు మామ్మా" అన్నాడు అత్తయ్యని. "నేను జరగను, నన్ను కూడా కలిపి కొలుచుకో" అంది ఆవిడ.

మరిది ఇంట్లో మాట్లాడటం తగ్గించాడు. డబ్బు గురించి బాధపడుతున్నాడనుకున్నాను. క్యారియరు సర్ది ఇస్తుంటే ఒకరోజు, "వదినా, నీకు నా మీద కోపం లేదుగా?" అని అడిగాడు. వాడి నెత్తి మీద ఒక్కటిచ్చి పంపించాను.

ఇక వానలు దగ్గరపడ్డాయన్నట్టుగా ఉన్న ఒక మధ్యాహ్నం, బయట కాలిబాట మీద నుంచి మా ఆయన కేక వినపడింది.

"లేచింది! లేచింది!"

"ఎవర్రా లేచిపోయింది?" అంది అత్తయ్య కంగారుగా.

"ఫండమ్మా, ఫండు! పోయిందంతా వచ్చేసింది, పైన కూడా వచ్చింది!"

రెండు మూడు రోజులుగా మెల్లమెల్లగా ఎక్కుతోందట, మాకు చెప్తే దిష్టి తగులుతుందని చెప్పలేదట. ఆ రోజు మాత్రం ఒక్కసారిగా ఎగిరి కూర్చుందట. నేను ఫోను లాక్కుని చూశాను. పచ్చటి అంకెలు. కొట్టు ధర, ఆ పైన ఇంకా కాస్త. నాకు ఏడుపు వచ్చేసింది. ఉన్న చోటే ఉండి మాయమైన డబ్బు ఉన్న చోటే ఉండి తిరిగొచ్చింది. పోయినప్పుడు ఎంత అదిరిపోయానో వచ్చినప్పుడూ అంతే అదిరిపోయాను.

"ఎందుకు పెరిగిందటండీ?"

"కంపెనీలన్నీ ఖర్చులు తగ్గించుకుంటున్నాయట. ఇక మీదట లాభాలు బాగుంటాయని జనం ఎగబడి కొంటున్నారట."

"మంచిదేగా! ఖర్చు తగ్గించుకోవడం ఎవరికైనా మంచిదే" అన్నాను. నా నోటితో నేనే అన్నాను ఆ మాట.

మా ఆయన పరుగెత్తుకెళ్ళి పెద్ద పొట్లం నిండా మిఠాయి తెచ్చాడు. ఎన్నడూ లేంది పక్క కొట్టువాళ్ళకి కూడా పంచిపెట్టాడు. సాయంత్రం మరిది గుమ్మంలోకి వచ్చీరాగానే, వాడు సంచీ దించకముందే, నోట్లో ఒకటి కుక్కేశాను.

"మన కొట్టు మనకి దక్కిందిరా!"

వాడు నా వంక చూశాడు. వాళ్ళ అన్నయ్య వంక చూశాడు. అత్తయ్య బోసినోటితో నవ్వుతోంది. నోట్లో ఉన్నది చాలాసేపు నమిలాడు. తర్వాత ఫోను తీసుకుని చూశాడు.

"అమ్మెయ్ అన్నయ్యా. ఇప్పుడే."

"ఇంకాస్త ఎక్కనీరా, ఇంత ఊపు మీదుంటే..."

"అమ్మెయ్!"

వాడు పుట్టి బుద్ధెరిగాక వాళ్ళ అన్నయ్య మీద గొంతు లేపడం అదే మొదలు. మా ఆయన కిక్కురుమనకుండా పక్కన కూర్చుని, వాడు చూపించిన చోటల్లా వేలు నొక్కాడు. కొట్టుకి కావలసింది తీసేసి, మిగిలిన పిసరంత అలాగే ఉంచమన్నాడు మరిది. డబ్బు చేతికి వచ్చిన రోజే ఓనరుకి కట్టేశాం. మందుల షాపువాడు ఆ తర్వాత మా వైపు చూడటం మానేశాడు.

*

కొట్టు మా పేర రాయించుకుని వచ్చిన వారంలోనే మా ఆయనకి ఫోను వచ్చింది. చేసింది తాళాల పెద్దమనిషి. అద్దాల మేడలో ఆఫీసు సామాన్లన్నీ చూసుకునేది ఆయనే, నడుముకి తాళాలగుత్తి లేకుండా ఆయన్ని మేమెప్పుడూ చూడలేదు. కొన్ని కుర్చీలు అమ్మేస్తున్నాం, అన్నీ ఒకేసారి పట్టుకుపోతే తక్కువకి ఇస్తాం అన్నాడు. బాగుచేసి అమ్ముకుంటే మంచి బేరం. సొంత కొట్టులో మొదటి బేరం కదా అని నేను కూడా బయల్దేరాను. చిన్న వ్యాను మాట్లాడుకున్నాం.

"మనవాడి ఆఫీసేగా, కిందికి రమ్మందాం" అని మా ఆయన మరిదికి ఫోను చేశాడు. ఎత్తలేదు. "పనిలో ఉన్నాడు" అనుకున్నాం.

తాళాల పెద్దమనిషి మమ్మల్ని లిఫ్టులో పైకి తీసుకెళ్ళి ఒక తలుపు తీశాడు. నాకు లోపలికి అడుగు పడలేదు. ఎంత పెద్ద హాలో! మనిషి లేడు. లైట్లు సగమే వేసి ఉన్నాయి. వరసగా బల్లలు, బల్లల ముందు కుర్చీలు, ఎవరో ఇప్పుడే లేచి మంచినీళ్ళకి వెళ్ళినట్టు కొన్ని ఇటు తిరిగి, కొన్ని అటు తిరిగి ఉన్నాయి. ఒకదాని వీపున ఊలు స్వెట్టరు ఉంది. ఒక బల్ల మీద పిల్లవాడి ఫొటో ఉంది. ఒక కుర్చీ వెనక తెల్ల కాగితం అంటించి 'ఇది నాది, ఎవరూ తియ్యకండి' అని రాసి ఉంది.

"కొత్త కుర్చీలు తెప్పిస్తున్నారా సార్?" అడిగాడు మా ఆయన.

"కొత్తవా!" అన్నాడాయన. "కొత్తవి కొనడానికి ఏడాదిగా చిల్లిగవ్వ ఇవ్వడం లేదయ్యా. అందుకేగా విరిగినవీ మూల పడేసినవీ అన్నీ ఏరి మొన్న మీకు పంపించింది. పాతవే అతుకులేసి నడిపించమన్నారు. ఆ తర్వాత ఇదిగో, కూర్చునేవాళ్ళనే తీసేశారు."

కాలిబాట మీద దాకా పేర్చిన ఆ కుర్చీలు నాకు కళ్ళ ముందు కదిలాయి. వాళ్ళు మనుషుల్ని తీసుకుంటున్నారని మేం సంబరపడ్డది ఆ కుర్చీలు చూసే.

నేను వరసలోకి నడిచాను. ఏం వెతుకుతున్నానో నాకే తెలియదు. కిటికీ పక్కన మూడో బల్ల ముందు కుర్చీకి ఆకుపచ్చ దిండు కట్టి ఉంది. నాడాలు నేను కుట్టినవే, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.

"ఏమండీ" అని పిలిచాను. ఆయన వచ్చి చూశాడు.

"ఈ అంతస్తు వాళ్ళని... ఎప్పుడు తీసేశారు సార్?" అని అడిగాడు తాళాల పెద్దమనిషిని.

"పది రోజులు దాటింది. పొద్దున అందర్నీ మీటింగుకి పిలిచి చెప్పేశారు, గంటలో సంచీలు సర్దుకోమన్నారు. అన్ని కంపెనీలదీ ఆ వారం ఇదే వరస. మధ్యాహ్నానికల్లా షేర్లు ఎగిరి కూర్చున్నాయట. కింద కాపలావాళ్ళు కూడా అదే చెప్పుకున్నారు. చిత్రం కాదూ?"

నేను మిఠాయి కుక్కిన రోజు అది. ఆ తర్వాత కూడా నేను రోజూ పొద్దున్నే క్యారియరు సర్ది ఇస్తూనే ఉన్నాను, వాడు మెడలో పట్టీ వేసుకుని సంచీ తగిలించుకుని వెళ్తూనే ఉన్నాడు. మా ఆయన ఆ కుర్చీలో కూర్చున్నాడు. హైడ్రాలిక్కు పోయినట్టుంది, మెల్లగా కిందికి దిగింది. ఆయన దాన్ని గమనించనే లేదు.

*

సాయంత్రం మరిది ఎప్పటిలాగే, ఎప్పుడూ వచ్చే వేళకే వచ్చాడు. కొట్టు ముందు కాలిబాట మీద కుర్చీలు గుట్టగా ఉన్నాయి. ఆకుపచ్చ దిండున్నది ముందే ఉంది. వాడు దాన్ని చూసి ఆగిపోయాడు.

"ఇన్ని రోజులూ ఎక్కడుంటున్నావురా?" అన్నాను.

"బస్సుల్లో. పాసు నెలాఖరు దాకా ఉంది వదినా. ఈ చివర ఎక్కి ఆ చివర దిగుతున్నా."

"మాకెందుకు చెప్పలేదురా?"

"ఆ రోజు చెప్దామనే వచ్చాను. నువ్వు నోట్లో స్వీటు పెట్టేశావు. అమ్మ నవ్వుతోంది. ఇంక ఏం చెప్పను?"

మా ఆయన లేచి నిలబడ్డాడు. "తెలిసే అమ్మమన్నావా?"

"తెలిసే. ఆ ఊపు ఎన్నాళ్ళుంటుందో ఎవడికి తెలుసు అన్నయ్యా? నా ఉద్యోగం ఎలాగూ పోయింది, కొట్టన్నా దక్కుతుందని."

ఈ విషయం అత్తయ్యకి మేం ఇంకా చెప్పలేదు. ఆవిడ మా అందరి మొహాలూ చూసింది.

"ఉండండ్రా, నాకు తెలిసేలా చెప్పండి. వీడి ఉద్యోగం పోయిందా?"

"పోయిందమ్మా" అన్నాడు మరిది.

"అది పోయినందుకా మన డబ్బు పెరిగింది?"

"నా ఒక్కడిదీ పోయినందుకు కాదు. నాలాంటివాళ్ళు చాలామంది. మా జీతాలన్నీ కంపెనీలకి మిగిలాయి. మిగిలింది చూసి ధర పెరిగింది. ఎప్పుడూ ఇలాగే జరుగుతుందని కాదు, ఈసారి జరిగింది. ఆ బుట్టలో మనమూ ఉన్నాం కదా, మనకీ వచ్చింది."

అత్తయ్య ఆ ఆకుపచ్చ దిండు మీద దుమ్ము చేత్తో తుడిచింది.

"ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. ఆ సామెతలో ఇద్దరు మనుషులున్నారురా. ఇక్కడ ఇల్లూ మనదే, చుట్టా మనదే."

"నాకొద్దీ కొట్టు" అన్నాడు మా ఆయన. "తమ్ముడి పొట్ట కొట్టి నేను కొట్టు కొనుక్కున్నానా?"

"పిచ్చిమాటలు మాట్లాడకు అన్నయ్యా. నువ్వు కొట్టలేదు. నువ్వు కొట్టు తిరిగిచ్చేస్తే వాళ్ళు నా కుర్చీ తిరిగిస్తారా?"

అప్పుడే టపటపా చినుకులు మొదలయ్యాయి. ఆ ఏటి మొదటి వాన. కుర్చీలన్నీ బయటే ఉన్నాయి, స్పాంజి తడిస్తే ఇక పనికిరాదు. మరిది సంచీ గుమ్మంలో పడేసి రెండు చేతులతో రెండు కుర్చీలు లాగాడు. మేం కూడా పరుగెత్తాం. తడుస్తూ, ఒకళ్ళకొకళ్ళం అడ్డం పడుతూ అన్నీ లోపలికి చేర్చాం. మా ఆయన ఏడుస్తూనే మోశాడు. వానలో కనపడదనుకున్నాడు గానీ, అందరికీ కనపడింది.

*

వానలు పట్టుకున్నాయి. మరిది మాతోపాటే కొట్టులో కూర్చుంటున్నాడు. సగం రోజు ఉద్యోగాలకి అర్జీలు పెడతాడు, సగం రోజు స్పాంజి కోస్తాడు. ఆ మేడ నుంచి తెచ్చిన కుర్చీలు ఒక్కొక్కటే బాగుపడి అమ్ముడవుతున్నాయి. అత్తయ్య పిన్నులు పీకుతుంది గానీ జాతకాలు చెప్పడం మానేసింది. సీటు అడుగున ఏదైనా దొరికితే మరిదికి చూపించి, "ఇది ఎవరిదో తెలుసురా?" అని అడుగుతుంది. వాడికి ఒక్కోసారి తెలుస్తుంది. అప్పుడు ఆ మనిషి గురించి చెప్తాడు, ఊరికి వెళ్ళిపోయాడనో, ఇంకా ఖాళీగానే ఉందనో.

ఫండులో మిగిల్చిన ఆ పిసరంతా తీసేస్తానని మా ఆయన గొడవపెట్టాడు. మరిది తియ్యనివ్వలేదు. అది ఐదారేళ్ళ డబ్బు, కోపం దాని మీద చూపించొద్దు అన్నాడు.

"నిన్ను తన్నిన కాళ్ళకే చెప్పులు కొనిపెడతావురా?" అంది అత్తయ్య.

వాడు నవ్వి ఇంకో స్పాంజి ముక్క అందుకున్నాడు.

మొన్నొక మధ్యాహ్నం అందరం పనిలో ఉన్నాం. వాన ఆగి చల్లటి గాలి వీస్తోంది. మా ఆయన పాత అలవాటు కొద్దీ ఫోను తీసి చూసుకున్నాడు. ఈసారి కేక వెయ్యలేదు.

"మళ్ళీ పెరిగింది" అన్నాడు మెల్లగా.

నా మిషను ఆగింది. మరిది స్పాంజి కోస్తున్నవాడల్లా తలెత్తాడు.

అత్తయ్య పట్టకారు పిన్ను మీద అలాగే ఉంచి, "ఈసారి ఎవరింట్లో పిల్లాడురా?" అని అడిగింది.